'టెయింటెడ్ లవ్' సాఫ్ట్ సెల్ వాళ్ళది కాదా? 1965 నాటి ఒరిజినల్ విన్నాక బుర్ర తిరిగింది

గోదారి_గట్టు | శనివారం, రాత్రి 10:42

ముందు నా పరువు ఎలా పోయిందో చెప్తాను, నవ్వుకోండి. నిన్న ఆఫీసు క్యాబ్‌లో 'టెయింటెడ్ లవ్' వచ్చింది. పక్క సీట్లో కొత్తగా చేరిన అమ్మాయి. నేను ఊరుకోకుండా, ఇది 1981 నాటి పాట, సాఫ్ట్ సెల్ అని ఇంగ్లండ్‌లో ఇద్దరు కుర్రాళ్ళు సొంతంగా కట్టుకున్నది అని లెక్చర్ మొదలుపెట్టాను. ఆ అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. ఫోన్‌లో ఏదో వెతికి ఇయర్‌ఫోన్ ఒకటి నా చేతిలో పెట్టింది.

అదే పాట. కానీ డ్రమ్స్ తరుముకొస్తున్నాయి, ట్రంపెట్లు పొడుస్తున్నాయి, చప్పట్లు, పైన ఒక ఆడమనిషి గొంతు. పేరు గ్లోరియా జోన్స్. సంవత్సరం 1965. మా స్టాప్ వచ్చేదాకా నోరెత్తితే ఒట్టు.

ఇంటికొచ్చి ఇరవై సార్లన్నా విని ఉంటాను. ఇంత పాట అప్పట్లో ఏమైంది? కవర్ (ఒకరి పాటని ఇంకొకరు మళ్ళీ పాడి రికార్డు చెయ్యడం) వల్ల "మళ్ళీ హిట్" అయిందని ఒకచోట చదివాను. అసలు మొదటిసారి ఎప్పుడు హిట్ అయింది? పాత రికార్డుల పిచ్చి ఉన్నవాళ్ళు ఎవరైనా చెప్పండి.

ముల్లుపెట్టె | శనివారం, రాత్రి 11:15

పిలిచారు, వచ్చేశాను. ఆ "మళ్ళీ" అనే మాటే తప్పు గట్టు గారూ. మొదటిసారి హిట్ కాలేదు. కనీసం చార్ట్ (వారం వారం వేసే హిట్ల పట్టిక) అంచుని కూడా తాకలేదు.

రాసినాయన పేరు ఎడ్ కాబ్. 50ల్లో ఫోర్ ప్రెప్స్ అనే గ్రూపులో మంద్రస్థాయి పాడేవాడు, తర్వాత నిర్మాతగా మారాడు. బ్రెండా హాలోవే పాడిన 'ఎవ్రీ లిటిల్ బిట్ హర్ట్స్' ఆయన రాసిందే. గ్లోరియా అప్పటికి ఇంకా ఇరవై నిండని పిల్ల. పుట్టింది సిన్సినాటిలో, పెరిగింది లాస్ ఏంజెలెస్‌లో, చర్చిలో పాడుతూ. కుర్రతనంలో ఆమె పాడిన గాస్పెల్ బృందంలోనే బిల్లీ ప్రెస్టన్ కూడా ఉండేవాడు.

1964లో రికార్డు చేసి 1965లో ఛాంపియన్ అనే చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ పేరు) మీద వదిలారు. ఎక్కడ పెట్టారో తెలుసా? బి-సైడ్‌లో, అంటే ప్లేటు వెనక వైపు! ఎ-సైడ్ 'మై బ్యాడ్ బాయ్స్ కమిన్ హోమ్'. రేడియో వాళ్ళు ప్లేట్ తిప్పి చూసేంత ఓపిక చేసుకోలేదు. రెండు పక్కలా మునిగిపోయింది.

అత్తిలి_అబ్బాయి | శనివారం, రాత్రి 11:21

ఎ-సైడ్ ఇప్పుడే విన్నా. "అబ్బాయి ఇంటికొస్తున్నాడు" అని ఒక పక్క, "ఈ ప్రేమా వద్దు నువ్వూ వద్దు, నేను పోతున్నా" అని వెనక పక్క. ప్లేట్ తిప్పితే విడాకులు.

రేడియో_అక్కయ్య | ఆదివారం, ఉదయం 6:50

నేను పొద్దున్నే లేచి విన్నాను రెండూ. అబ్బాయిలు పాడింది నాకు ఫ్రిజ్‌లో పెట్టిన సాంబారులా ఉంది. గ్లోరియాది పొయ్యి మీద నుంచి దించింది. అంత తేడా కనపడుతుంటే చల్లారినదాన్ని ప్రపంచమంతా ఎందుకు ఎగబడి కొన్నదో నాకు అర్థం కాలేదు నాయనా.

చలిదేశం_చిన్నోడు | ఆదివారం, ఉదయం 11:08

అక్కా, మధ్యలో ఒక పదహారేళ్ళ కథ ఉంది. అది తెలియకపోతే ఎవరికీ అర్థం కాదు. నేను ఇంగ్లండ్ వచ్చి తొమ్మిదేళ్ళు, ఉండేది ఈ పాట తిరిగిన ఏరియాలోనే, కాబట్టి ఇది నేను చెప్తాను.

60ల చివరికి అమెరికాలో సోల్ అనే నల్లజాతివాళ్ళ సంగీతం నెమ్మదించి, దరువు మీద నడిచే ఫంక్ వైపు తిరిగింది. లండన్ కుర్రాళ్ళు దానితో పాటే తిరిగారు. ఉత్తరాన ఉన్న మిల్లు ఊళ్ళ కుర్రాళ్ళు మాత్రం తిరగలేదు. వారమంతా ఫ్యాక్టరీలో ఒళ్ళు హూనం చేసుకుని శనివారం రాత్రి వాళ్ళు కోరేది ఒక్కటే, 60ల మధ్యనాటి వేగం ఉన్న సోల్ పాటలు. ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి లండన్ వచ్చినప్పుడు రికార్డు షాపుల్లో పడి అవే అడిగేవాళ్ళట. కోవెంట్ గార్డెన్‌లో సోల్ సిటీ అనే షాపు నడిపిన డేవ్ గోడిన్ అనే జర్నలిస్టు, ఈ గిరాకీని గుర్తుపట్టడానికి "నార్తర్న్ సోల్" అనే పేరు పెట్టాడు. అంటే "ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళకి ఈ కొత్త ఫంక్ చూపించి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు, పాతవి తియ్యండి" అని షాపులో వాళ్ళ గుర్తు. సంగీతం అమెరికాది, "ఉత్తరం" ఇంగ్లండ్‌ది. పేరులోనే కలగాపులగం.

ఇక్కడి నుంచి అసలు తమాషా. తెలిసిన హిట్లన్నీ అరిగిపోయాక డీజేలు ఏం చేశారంటే, అమెరికా వెళ్ళి గోడౌన్లలో దుమ్ము కొట్టుకుపోతున్న ఫ్లాప్ రికార్డులు ఏరుకొచ్చారు. ఎవరూ వినని పాట దొరికితే అంత గొప్ప. అలా 1973లో అమెరికా వెళ్ళిన రిచర్డ్ సియర్లింగ్ అనే డీజే చేతికి తగిలింది మన గ్లోరియా ప్లేటు. తెచ్చి బోల్టన్‌లో వా వాస్ అనే క్లబ్బులో వేశాడు. తర్వాత విగన్ క్యాసినోలో. అక్కడ జనం ఊగిపోయారు.

అంటే పాట హిట్ అయింది. చార్టులో కాదు, ఫ్లోర్ మీద.

గోదారి_గట్టు | ఆదివారం, ఉదయం 11:30

క్యాసినో అంటే జూదం ఆడేచోటా?

చలిదేశం_చిన్నోడు | ఆదివారం, మధ్యాహ్నం 12:02

పేరే క్యాసినో. అది పాతకాలం డ్యాన్స్ హాలు. 1973 సెప్టెంబరు నుంచి 1981 డిసెంబరు దాకా అక్కడ రాత్రంతా డ్యాన్స్ జరిగేది. అర్ధరాత్రి దాటాక తలుపులు తీస్తే పొద్దున ఎనిమిదికి ఆపేవాళ్ళు. మందు అమ్మేవాళ్ళు కాదు. డ్రగ్స్ మాత్రలు మాత్రం లోపల తిరిగేవి, అది దాచాల్సిన పని లేదు. వదులు ప్యాంట్లు, చెమటకి మార్చుకోవడానికి సంచిలో ఇంకో బనీను. పాదం జారడానికి చెక్క ఫ్లోర్ మీద టాల్కం పౌడర్ చల్లేవాళ్ళు.

క్యారమ్ బోర్డు మీద మనం పౌడర్ చల్లుతామే, అచ్చం అలాగే. మనుషులే స్ట్రైకర్లు.

ఆ చోటు చూద్దామని ఒక శనివారం రైలెక్కి విగన్ వెళ్ళాను. భవనం 1982లో కాలిపోయింది, మిగిలింది కూల్చేశారు. ఇప్పుడు అక్కడ ఉన్నది గ్రాండ్ ఆర్కేడ్ అనే షాపింగ్ మాల్. నేను వెళ్ళిన రోజు వాన. ఎస్కలేటర్ పక్కన బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో గ్లోరియా పాట పెట్టుకుని విన్నాను. పక్కన ఒక పెద్దాయన నా కాలు ఊగడం చూసి "ఏం వింటున్నావ్" అనడిగాడు. చూపించాను. ఏమీ అనలేదు. బూటు ముందు భాగం మీద ఒకసారి ఇటు, ఒకసారి అటు జారాడు, అంతే, మోకాలు పట్టుకుని కూర్చున్నాడు.

ముల్లుపెట్టె | ఆదివారం, మధ్యాహ్నం 12:40

చిన్నోడా, ఆ కాలు జారడం ఒక్కటి చెప్పి మా అందరికీ టికెట్ కొనిచ్చినట్టు చేశావు.

ఆ డీజేల దొంగతనాలు కూడా చెప్పాలి. అరుదైన ప్లేటు దొరికితే లేబుల్ మీద కాగితం అంటించేవాళ్ళు, పక్క క్లబ్బు డీజేకి పేరు తెలియకుండా. పాటకీ, పాడినవాళ్ళకీ దొంగ పేర్లు పెట్టేవాళ్ళు. ఫ్రాంక్ విల్సన్ అనే ఆయన 1965లో మోటౌన్ అనే అమెరికా రికార్డు కంపెనీలో పాడిన 'డూ ఐ లవ్ యూ' ప్లేట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. దాన్ని ఎడ్డీ ఫాస్టర్ అనే వేరే గాయకుడి పేరుతో చలామణీ చేశారు. 2009లో వాటిలో ఒక ప్లేటు వేలంలో 25,742 పౌండ్లకి పోయింది.

గ్లోరియా ప్లేటుకి అంత సీన్ లేదు. పైగా గిరాకీ పెరగ్గానే దొంగ ప్లేట్లు వచ్చాయి. మన బజార్లో ఒకప్పుడు సినిమా రిలీజ్ రోజునే పైరసీ క్యాసెట్ దొరికేది చూడండి, అలా. ఊరంతా ఆమె గొంతుకి ఆడుతోంది, ఆమెకి ఒక్క పైసా రాదు.

రేడియో_అక్కయ్య | ఆదివారం, మధ్యాహ్నం 3:15

ఆమెకి తెలుసా, అక్కడ తన పాటకి ఆడుతున్నారని? లాస్ ఏంజెలెస్ ఎక్కడ, ఈ మిల్లు ఊళ్ళు ఎక్కడ.

ముల్లుపెట్టె | ఆదివారం, సాయంత్రం 5:30

తెలిసే ఉండాలి అక్కయ్య గారూ, ఎందుకంటే 70ల మధ్యకి ఆమే ఇంగ్లండ్‌లో ఉంది. టి. రెక్స్ అని పెద్ద రాక్ బ్యాండు, దాని నాయకుడు మార్క్ బోలన్. ఆమె ఆ బ్యాండులో పాడింది, కీబోర్డు వాయించింది, ఆయనతో జీవితం పంచుకుంది. 1975లో కొడుకు పుట్టాడు. 1976లో బోలన్ నిర్మాతగా ఇదే 'టెయింటెడ్ లవ్'ని ఆమె మళ్ళీ పాడింది, 'విక్సెన్' అనే ఆల్బమ్‌లో ఉంది.

అదీ పోయింది. రెండుసార్లు పాడి రెండుసార్లూ ఓడిపోయింది అదే పాటతో. విని చూడండి, రెండోది సాఫీగా ఉంటుంది, కానీ ఆ తరుముడు లేదు.

మరుసటి ఏడు 1977 సెప్టెంబరు 16 తెల్లవారుజామున, లండన్‌లో బార్న్స్ దగ్గర కారు చెట్టుని గుద్దుకుంది. నడుపుతున్నది గ్లోరియా. బోలన్ అక్కడికక్కడే పోయాడు. ఆమె చావు తప్పి బయటపడింది. నాలుగేళ్ళకి సాఫ్ట్ సెల్ పాట నంబర్ వన్ అయింది. ఆ నాలుగేళ్ళూ పక్కన పెట్టుకుని వింటే, రేడియోలో ఆ పాట మోగుతున్నప్పుడు ఆమె ఏం చేస్తూ ఉందో అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

కీబోర్డ్_కిట్టు | ఆదివారం, రాత్రి 9:05

నేను పెళ్ళిళ్ళకి, స్టేజ్ షోలకి కీబోర్డు వాయిస్తాను. ఇందాకట్నుంచి అందరూ ఒరిజినల్ వేడి, కవర్ చల్లన అంటున్నారు. ఒప్పుకుంటా. కానీ ఆ చల్లదనం ఊరికే వచ్చింది కాదు, కావాలని చేసింది.

సాఫ్ట్ సెల్ ఇద్దరే. మార్క్ ఆల్మండ్ పాడేవాడు, 2025లో పోయిన డేవ్ బాల్ సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) వాయించేవాడు. లీడ్స్ పాలిటెక్నిక్‌లో ఆర్ట్ చదువుతూ కలిశారు. బాల్ పెరిగింది బ్లాక్‌పూల్‌లో, అంటే నార్తర్న్ సోల్ గడ్డ మీదే. కాబట్టి ఈ పాట వాళ్ళకి గూగుల్‌లో దొరికింది కాదు, చిన్నప్పటి నుంచి చెవిలో ఉన్నది. కవర్‌గా ఫ్రాంకీ వల్లీ పాడిన 'ది నైట్' తీసుకుందామని కూడా ఒక దశలో అనుకున్నారు. అదీ నార్తర్న్ సోల్ ఫ్లోర్ పాటే. అది తీసుకుని ఉంటే ఇవాళ మనం ఇంకో థ్రెడ్‌లో ఉండేవాళ్ళం.

అప్పటికి వాళ్ళ మొదటి సింగిల్స్ చార్టుల్లోకి రాలేదు. ఇదీ పోతే కంపెనీ బ్యాగు సర్దుకోమంటుంది. ఆ టెన్షన్‌లో నిర్మాత మైక్ థోర్న్‌తో స్టూడియోకి వెళ్ళారు.

ఇప్పుడు విన్నవి పక్కపక్కన పెట్టండి. గ్లోరియాది సి శ్రుతిలో. ఆల్మండ్ గొంతు అంత పైకి పోదు, అందుకే జి కి దించారు. స్పీడ్ తగ్గించారు. డ్రమ్మర్ లేడు, మెషీన్. ట్రంపెట్లు పొడిచిన చోట సింథ్. ఇక మొదట్లో వచ్చే ఆ "టిక్ టిక్" అనే రెండు చప్పుళ్ళు ఉన్నాయి చూడండి, పాటకి బొట్టు అదే. ఎక్కడ వినిపించినా ఒక్క సెకనులో గుర్తుపడతాం.

గాయకుల శ్రుతి దించడం మా రోజువారీ బతుకు. "అన్నా, రెండు మెట్లు కిందికి" అంటారు స్టేజీ ఎక్కే ముందు. మామూలుగా దించితే పాట నీరసపడుతుంది. ఇక్కడ అదే కలిసొచ్చింది. గ్లోరియా పాడితే నిజంగానే చెప్పులేసుకుని బయటికి నడిచేసినట్టుంటుంది. ఆల్మండ్ పాడితే, పోతాను పోతాను అంటూ గుమ్మం దగ్గరే నిలబడ్డట్టుంటుంది. మాటలు అవే. మనిషి వేరు. నా లెక్కలో ఇది కాపీ కాదు, ఇంకో పాట.

అత్తిలి_అబ్బాయి | ఆదివారం, రాత్రి 9:20

గుమ్మం దగ్గర నిలబడి "పోతా పోతా" అనేది మా మావయ్య. పండక్కొచ్చిన ప్రతిసారీ రెండు గంటలు.

రేడియో_అక్కయ్య | ఆదివారం, రాత్రి 9:48

కిట్టూ, నువ్వు చెప్పాక మళ్ళీ విన్నాను. గుమ్మం మాట నిజమే. సరే, సాంబారు మాట వెనక్కి తీసుకుంటాను, సగం.

ముల్లుపెట్టె | ఆదివారం, రాత్రి 10:30

చార్టు లెక్క కూడా ఇక్కడ పెట్టేస్తాను. 1981 జులైలో వచ్చింది. ఆగస్టులో టాప్ ఆఫ్ ది పాప్స్ అనే బీబీసీ టీవీ పాటల కార్యక్రమంలో ఆల్మండ్ కళ్ళ నిండా కాటుకతో, చేతుల నిండా కడియాలతో కనిపించాడు. చాలా ఇళ్ళల్లో తండ్రులు పేపరు దించి చూసి ఉంటారు. సెప్టెంబరు 5 చార్టులో నంబర్ వన్, రెండు వారాలు. ఆ ఏడాది బ్రిటన్‌లో అత్యధికంగా అమ్ముడైన సింగిల్‌గా ఇవాళ అధికారిక చార్టుల లెక్కల్లో ఉన్నది ఇదే.

అమెరికాలో జరిగింది ఇంకా వింత. 1982 జనవరిలో అక్కడి హిట్ల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 90వ స్థానంలో అడుగుపెట్టింది. 64 దాకా పాకింది. అక్కడి నుంచి జారి ఫిబ్రవరి చివరికి 100కి పడింది. 100 అంటే ఆఖరి మెట్టు, దాని తర్వాత గుమ్మమే. అందరూ అయిపోయిందనుకునే చోటు నుంచి మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టి, జులైకి 8వ స్థానానికి చేరింది. మొత్తం 43 వారాలు చార్టులో ఉంది. అప్పటికి అది రికార్డు.

గట్టు గారు అడిగిన "మళ్ళీ హిట్" అనే మాట ఎక్కడైనా సరిపోతుందంటే ఇక్కడే. ఒకే ఏడాదిలో ఒకే చార్టులో చచ్చి బతికింది.

నల్లకోటు | సోమవారం, ఉదయం 9:25

లాయర్‌ని, డబ్బు మాట రాకపోతే నాకు నిద్ర పట్టదు.

పాటలో రెండు ఆస్తులు ఉంటాయి. పాట అనే రచన ఒకటి, దాన్ని పాడగా తయారైన రికార్డింగ్ ఇంకొకటి. ఎవరైనా కవర్ చేస్తే డబ్బు రాసినవాళ్ళకి వెళ్తుంది. ముందు పాడినవాళ్ళకి వెళ్ళదు. ఎందుకంటే వాళ్ళ రికార్డింగ్‌ని ఎవరూ ముట్టుకోలేదు కదా. అందుకే సాఫ్ట్ సెల్ ప్లేటు అమ్ముడైన ప్రతిసారీ ఎడ్ కాబ్ ఇంటికి వాటా. గ్లోరియాకి సున్నా.

సాఫ్ట్ సెల్ వాళ్ళు ఏం బావుకున్నారు? అదీ చెప్తా. అప్పటి బ్రిటన్ చట్టం ప్రకారం రికార్డు చిల్లర ధరలో 6.25 శాతం రచన హక్కుదారులది. ఆ వాటా ప్లేటుకి రెండు వైపులా ఉన్న పాటల మధ్య పంచుతారు. జనం కొనేది ఎ-సైడ్ కోసమే అయినా బి-సైడ్ రాసినవాడికీ వాటా వస్తుంది. అందుకని తెలివైన బ్యాండ్లు ఎ-సైడ్‌లో కవర్ పెట్టినా వెనక్కి తిప్పితే సొంత పాట ఉండేలా చూసుకుంటాయి. వీళ్ళు వెనక కూడా కవరే పెట్టారు! సుప్రీమ్స్ పాడిన 'వేర్ డిడ్ అవర్ లవ్ గో', అది హాలండ్, డోజియర్, హాలండ్ అనే మోటౌన్ త్రయం రాసింది. పెద్ద ప్లేటు మీద ఆ రెండు పాటలూ కలిపి ఒకే పాటలా నడిపారు. వినడానికి అద్భుతం, బ్యాంకు పాస్‌బుక్కుకి శాపం. ఆ ఏటి పెద్ద హిట్ చేతిలో పెట్టుకుని రచన రాయల్టీ కింద ఒక్క పెన్నీ రాలేదు.

అత్తిలి_అబ్బాయి | సోమవారం, ఉదయం 9:31

అంటే బి-సైడ్ వల్ల మునిగిన పాట, బి-సైడ్ వల్లే మళ్ళీ ముంచింది.

నల్లకోటు | సోమవారం, ఉదయం 9:40

ఈ వాక్యం నేను రాసి ఉంటే ఫీజు తీసుకునేవాణ్ణి.

కీబోర్డ్_కిట్టు | సోమవారం, ఉదయం 10:12

సార్, మన దగ్గర ఎలా? అడగడానికి కారణం ఉంది. ఒక షోకి పాత పాట ఒకదానికి నేను కొత్త బిట్లు కట్టాను, మొదట్లో ఫ్లూట్ టోన్‌తో ఒక చిన్న ముక్క, మధ్యలో కొత్త కౌంటర్. ఆర్గనైజర్ ఆ అరేంజ్‌మెంట్‌ని వేరే కీబోర్డిస్టుతో రికార్డు చేయించి ఛానల్‌లో పెట్టుకున్నాడు. పేరు అనవసరం. ఇప్పుడు నేను స్టేజీ మీద ఆ ముక్క వాయిస్తే జనం "ఆ వీడియోలోది దించేశాడ్రా" అంటున్నారు.

నల్లకోటు | సోమవారం, ఉదయం 11:20

మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 31సి అనే సెక్షన్ చేరింది. పాట మొదటిసారి రికార్డు అయిన సంవత్సరం ముగిశాక ఐదు క్యాలెండరు సంవత్సరాలు గడిస్తేనే హక్కుదారుల అనుమతి లేకుండా ఆ సెక్షన్ కింద కవర్ చెయ్యొచ్చు. ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ ముందే కట్టాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన. అట్ట మీద అసలు గాయకుల పేరుగానీ బొమ్మగానీ వేసి జనాన్ని మభ్యపెట్టకూడదు. అంతకుముందు గడువు రెండేళ్ళే ఉండేది. పాత క్యాసెట్ రోజుల్లో అట్ట చూసి కొని, ఇంటికొచ్చి వేస్తే ఎవరిదో గొంతు వచ్చేది, గుర్తుందా? ఆ రోజుల సంగతి.

కానీ కిట్టూ, నీ సమస్యకి ఇది మందు కాదు. ఈ సెక్షన్ రచన గురించి. నీ ఫ్లూట్ ముక్క సంగతి నువ్వూ ఆర్గనైజరూ ఏం రాసుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏమీ రాసుకోలేదు కదా?

కీబోర్డ్_కిట్టు | సోమవారం, ఉదయం 11:24

టీ తాగి చెయ్యి కలుపుకున్నాం సార్.

గోదారి_గట్టు | సోమవారం, రాత్రి 8:50

ఇంత వస్తుందనుకోలేదు. ఇంకో సందేహం. 2006లో మా హాస్టల్లో రిహానా 'ఎస్ఓఎస్' రోజుకి యాభై సార్లు మోగేది. నిన్న విన్నాక వెలిగింది, వెనకాల ఆ చప్పుడు ఇదే కదా!

ముల్లుపెట్టె | సోమవారం, రాత్రి 9:30

ఇదే. అమెరికాలో సాఫ్ట్ సెల్ 8 దగ్గర ఆగితే, అదే చప్పుడు మీద 'ఎస్ఓఎస్' నంబర్ వన్ అయింది. రచయితల పేర్లలో ఎడ్ కాబ్ పేరు ఉంది, అప్పటికి ఆయన పోయి ఏడేళ్ళు. గమ్మత్తు ఏంటంటే జనం గుర్తుపట్టింది 1965 నాటి చప్పుడు కాదు, 1981 నాటిది. కవర్ వచ్చి ఒరిజినల్ కుర్చీలో కూర్చుంది. 2001లో మార్లిన్ మాన్సన్ పాడినప్పుడు కూడా అంతే, అది సాఫ్ట్ సెల్ పాటకి కవర్.

చలిదేశం_చిన్నోడు | సోమవారం, రాత్రి 11:40

ఈ లిస్టులో కాయిల్ అనే ఇక్కడి బ్యాండు వెర్షన్ మర్చిపోకండి, 1985. దానికి ఎవరికీ డ్యాన్స్ రాదు. శవయాత్రలా నడుస్తుంది. అప్పుడు ఇక్కడ ఎయిడ్స్ కొత్త, యువకులు పోతున్నారు, పేపర్లు వాళ్ళనే తిడుతున్నాయి. కాయిల్ వాళ్ళు ఆ పాటని అలా నెమ్మదించి పాడి, వచ్చిన డబ్బు ఎయిడ్స్ రోగుల కోసం పనిచేసే టెరెన్స్ హిగిన్స్ ట్రస్టుకి ఇచ్చారు. వీడియోలో ఆల్మండ్ కూడా ఉంటాడు, మృత్యుదూతగా. పాట పేరులోని "మైలపడిన ప్రేమ" అనే మాట 1965లో మోసగాడి గురించి. ఇరవై ఏళ్ళకి అదే మాట ఆస్పత్రి మంచం పక్కన వినిపించింది. ఒక్క అక్షరం మారలేదు.

రేడియో_అక్కయ్య | మంగళవారం, ఉదయం 6:35

చిన్నోడా, రాత్రి పడుకోబోయే ముందు విన్నాను అది. పడుకోలేదు.

మరి గ్లోరియా చివరికి ఏమైంది? అందరూ ఆమె పాట తీసుకెళ్ళారు, ఆమెకి ఏం మిగిలింది, అదైనా చెప్పండి.

ముల్లుపెట్టె | మంగళవారం, ఉదయం 10:00

ఆమెని మరీ బీదరాలిని చేసెయ్యకండి అక్కయ్య గారూ. ఆమె మంచి రచయిత్రి కూడా. గ్లాడిస్ నైట్ పాడిన 'ఇఫ్ ఐ వర్ యువర్ వుమన్', 1970లో పెద్ద హిట్, రాసిన ముగ్గురిలో ఆమె ఒకరు. అంటే నల్లకోటు గారు చెప్పిన రచన వాటా సంగతి ఆమెకి తెలుసు, ఇంకో పాటతో. తర్వాత సియెర్రా లియోన్‌లో మకేనీ అనే ఊళ్ళో పిల్లలకి బోలన్ పేరుతో సంగీతం, సినిమా బడి పెట్టింది. నార్తర్న్ సోల్ జనం ఆమెని రాణి అనే పిలుస్తారు. చార్టు మర్చిపోయినా ఫ్లోర్ మర్చిపోలేదు.

గోదారి_గట్టు | మంగళవారం, సాయంత్రం 6:15

క్యాబ్ అమ్మాయికి ఈ థ్రెడ్ లింక్ పంపాను. "కిట్టు గారు చెప్పిన గుమ్మం పోలిక బాగుంది, మీ లెక్చర్ కంటే" అని రిప్లై వచ్చింది.

కీబోర్డ్_కిట్టు | బుధవారం, రాత్రి 11:55

ఇవాళ రిహార్సల్ అయ్యాక, ఊరికే, మా వాళ్ళతో రెండు రకాలుగా వాయించి చూశాం. జి లో, మెషీన్ బీట్ మీద వాయిస్తే అందరికీ తేలిగ్గా వచ్చేసింది, రెండో టేక్‌కే సెట్. తర్వాత గ్లోరియా స్పీడ్‌లో, సి లో. మా డ్రమ్మర్ తీన్మార్ కొట్టి పెరిగినవాడు, వాడికి స్పీడ్ కొత్త కాదు. ఒక నిమిషం బాగానే ఉన్నాడు. పాడే అమ్మాయి రెండో చరణానికి వచ్చేసరికి ఊపిరి చాలక మైక్ పక్కకి తిప్పింది. డ్రమ్మర్ పుల్లలు పడేసి "అన్నా, 1964లో వీళ్ళు దీన్ని మెషీన్ లేకుండానే వాయించారా?" అన్నాడు.

మళ్ళీ రేపు పెడుతున్నాం. ఆ అమ్మాయి శ్రుతి మాత్రం దించొద్దంది.